జాంగోలో ఫారం ప్రాసెసింగ్‌పై పట్టు సాధించాలంటే...

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోతో రెండు మినీ ప్రాజెక్టులు చేశాను. ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో, యూజర్ ఫారం సబ్మిట్ చేశాక సర్వర్‌లో వరుసగా ఏం జరుగుతుందో వివరించమంటే చెప్పలేకపోయాను. జాంగో వదిలేసి నోడ్ (సర్వర్‌లో జావాస్క్రిప్ట్ కోడ్‌ను నడిపే సాధనం) నేర్చుకోవడం మంచిదా?

జవాబు: ఈ కారణంతో జాంగోను వదిలేయాల్సిన అవసరం లేదు. ప్రవేశ దరఖాస్తు, ఫీజు చెల్లింపు, ఫిర్యాదు నమోదు, ఇలా ఏ వెబ్ అప్లికేషన్‌లోనైనా ఫారం తప్పదు కాబట్టి, నోడ్‌కు వెళ్లినా ఇదే ప్రశ్న మీకు ఎదురవుతుంది. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఒక దినపత్రిక వెబ్ విభాగంలో పుట్టి 2005లో అందరికీ అందుబాటులోకి వచ్చిన జాంగో, గడువులోగా పని పూర్తిచేయాల్సిన వారి అవసరాల నుంచి రూపుదిద్దుకుంది. అందుకే మోడల్‌ఫారం (డేటాబేస్ పట్టికను వర్ణించే మోడల్ నుంచి ఫారాన్ని తయారుచేసేది) వంటి సదుపాయాలు చాలా పనిని మన తరఫున చేసిపెడతాయి. అవి చేసే పని ఏమిటో తెలుసుకోకుండా ముందుకు సాగడం వల్లే మీలాంటి విద్యార్థులు ఇంటర్వ్యూలో ఆగిపోతున్నారు.

కాలేజీ బస్ పాస్ దరఖాస్తునే ప్రాజెక్టుగా తీసుకుని, మోడల్‌ఫారం ఇచ్చేదానికి మీ సొంత నిబంధనలు జోడించండి. మొబైల్ నంబరును ఇంటీజర్‌గా కాక, ఫారం క్లాసులోనే క్యారెక్టర్ ఫీల్డ్‌గా (అక్షరాల రూపంలో) ఉంచి, 6 నుంచి 9 వరకు ఏదో ఒక అంకెతో మొదలయ్యే 10 అంకెలు ఉండాలని ఆ ఫారం ఫీల్డ్‌కు వాలిడేటర్ (విలువను తనిఖీ చేసే కోడ్) రాయండి. ఇప్పుడు అంకెల మధ్య ఖాళీ వదిలి నంబరు ఇచ్చి చూడండి. ఆ ఖాళీలను తొలగించే కోడ్‌ను ఆ ఫీల్డ్‌కు సంబంధించిన క్లీన్ మెథడ్‌లో రాసినా ఎర్రర్ వస్తుంది. ఎందుకంటే ఫారం ఫీల్డ్ వాలిడేటర్లు ముందే నడిచి నంబరును తిరస్కరించేస్తాయి, మీ మెథడ్ దాకా అది రానే రాదు. ఈ వరుసక్రమాన్ని ఒక్కసారి స్వయంగా చూస్తే ఇంటర్వ్యూలో తడబడరు.

డే స్కాలర్ అయితే బస్ స్టాప్ తప్పనిసరి అనే నిబంధన రెండు ఫీల్డులకు సంబంధించినది కనుక, దాన్ని ఫారం మొత్తానికి చెందిన క్లీన్ మెథడ్‌లో రాయాలి. ముందే తప్పని తేలిన ఫీల్డ్, తనిఖీ దాటిన విలువలు ఉండే క్లీన్డ్ డేటాలో ఉండదు. అందువల్ల అక్కడ విలువను నేరుగా కాకుండా గెట్ ద్వారా తీసుకోవాలి. లేకపోతే ఎర్రర్ సందేశం కనిపించాల్సిన చోట పేజీయే కుప్పకూలుతుంది.

రోల్ నంబరును హిడెన్ ఫీల్డ్‌లో (పేజీలో కనిపించని ఫీల్డ్‌లో) పెట్టి పంపడం చాలా ప్రాజెక్టుల్లో కనిపించే ప్రమాదకరమైన అలవాటు. బ్రౌజర్‌లో ఎవరైనా దాన్ని మార్చి, ఇంకొకరి పేరుతో దరఖాస్తు చేయగలరు. డేటాబేస్‌లో ఇంకా రాయకుండా రికార్డును మాత్రం తయారుచేసే కమిట్ ఫాల్స్‌తో సేవ్ మెథడ్‌ను పిలిచి, లాగిన్ అయిన విద్యార్థిని సర్వర్ వైపే జతచేసి, ఆ తర్వాతే డేటాబేస్‌లో భద్రపరచండి. ఫారం మన సైట్ నుంచే వచ్చిందని నిర్ధారించే సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ లేక 403 (అనుమతి లేదు) ఎర్రర్ వచ్చినప్పుడు ఆ తనిఖీనే తీసేసే సలహాలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. దయచేసి వాటిని పాటించవద్దు, పేజీ టెంప్లేట్‌లో టోకెన్ చేర్చండి. ఫొటో అప్‌లోడ్‌కు ఫారం ట్యాగ్‌లో మల్టీపార్ట్ ఎన్‌కోడింగ్ ఉండాలి, వ్యూలో (రిక్వెస్టుకు జవాబిచ్చే కోడ్‌లో) రిక్వెస్ట్ ఫైల్స్‌ను కూడా ఫారానికి అందించాలి.

సేవ్ అయ్యాక రీడైరెక్ట్ చేస్తే, పేజీని రిఫ్రెష్ చేసినప్పుడు అదే దరఖాస్తు మళ్లీ వెళ్లదు. అయితే విద్యార్థి సబ్మిట్ బటన్‌ను వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే, రెండు రిక్వెస్టులూ ఫారం తనిఖీని దాటే అవకాశం ఉంది. దాన్ని ఖాయంగా ఆపగలిగేది డేటాబేస్‌లోని యూనిక్ నిబంధన (ఒకే విలువ రెండుసార్లు నమోదు కానివ్వనిది). అప్పుడు వచ్చే ఇంటెగ్రిటీ ఎర్రర్‌ను పట్టుకుని, మీ దరఖాస్తు ఇప్పటికే అందిందని మర్యాదగా తెలియజేసే వ్యూ రాయండి. ఇంటర్వ్యూలో అడిగే అవకాశమున్న సందర్భాల్లో ఇదొకటి.

ఈ ప్రతి సందర్భానికీ బ్రౌజర్ లేకుండానే రిక్వెస్టులు పంపి చూసే జాంగో టెస్ట్ క్లయింట్‌తో ఒక్కో టెస్ట్ రాసి, కోడ్‌ను గిట్‌హబ్‌లో ఉంచండి. రెజ్యూమేలో ‘జాంగో తెలుసు’ అని రాయడానికి బదులు ఈ ప్రాజెక్టు లింకు ఇచ్చి, మీరు అమలు చేసిన నిబంధనలను రెండు వాక్యాల్లో పేర్కొనండి. నోడ్‌ను ఆ తర్వాత, వచ్చే సెమిస్టర్ సెలవుల్లో మొదలుపెట్టవచ్చు.