గేమ్‌బాయ్ పాటలో పీప్ పీప్ పోవాలంటే టేబుల్ దగ్గర కూర్చోవాలి

గేమ్‌బాయ్‌లో పాటలు కట్టే ప్రోగ్రామ్ ఎల్‌ఎస్‌డీజేలో ఫ్రేజులు (చిన్న స్వర వరసలు), చెయిన్లు (ఆ ఫ్రేజుల గొలుసులు) చేతికొచ్చాయి, అయినా ఏం చేసినా పీప్ పీప్‌మనే వినిపిస్తోంది, కిక్‌లో బరువు లేదు, బేస్‌లో కదలిక లేదు అని మీరు ఇక్కడ రాశారు. నేనూ సరిగ్గా అక్కడే ఆరు నెలలు ఆగిపోయాను. బెంగళూరులో మారతహళ్లి నుంచి ఆఫీసుకి గంటన్నర బస్సు. దారి పొడవునా కొత్త కొత్త ఇన్‌స్ట్రుమెంట్లు చేసేవాణ్ణి, ఇంటికొచ్చి వింటే ఒక్కటీ నచ్చేది కాదు.

దారి దొరికింది వినాయక నిమజ్జనం రోజున. మా వీధిలో తమటె వాయిస్తున్నారు, మన డప్పుకి దగ్గరి చుట్టం. పక్కనే నిలబడి విన్నాను. కర్ర పడగానే ‘టప్’మని పైన మొదలై, రెప్పపాటులో కిందికి జారి ఆగిపోతోంది. ఆ జారుడు వల్లే అది దెబ్బలా వినిపిస్తుంది. గేమ్‌బాయ్ చిప్ ఆ జారుడు తనంతట తాను ఇవ్వదు, మనమే రాయాలి. రాసే చోటు టేబుల్, అంటే ఒకే నోటు లోపల ఎప్పుడు ఏం మారాలో రాసుకునే పట్టిక.

టేబుల్‌లో 16 వరసలు. మామూలుగా ఒక్కో టిక్కుకి (ప్రోగ్రామ్ కాలాన్ని కొలిచే చిన్న ముక్క) ఒక్కో వరస నడుస్తుంది, ఒక స్టెప్‌కి, అంటే ఫ్రేజులో ఒక గడికి, 6 టిక్కులు. టెంపో 125 అయితే సెకనుకి 50 టిక్కులు. అంటే ఒకే నోటు లోపల అంత వేగంగా పిచ్, వాల్యూమ్, వేవ్ మార్చుకోవచ్చు. పల్స్ ఛానెల్‌లో (చతురస్రపు అలతో పలికే గొంతు) ఇది చేసి చూడండి: మొదటి వరసలో ట్రాన్స్‌పోజ్ 0సి (హెక్స్ లెక్కలో 12), అంటే ఒక స్థాయి (ఆక్టేవ్) పైకి. రెండో వరసలో 00. పక్కనే డబ్ల్యూ కమాండ్‌తో డ్యూటీని (అల పైన ఉండే వాటాని) 12.5 నుంచి 25, అక్కణ్ణుంచి 50 శాతానికి తీసుకెళ్లండి. చివర, అదే వరసకి తిరిగి దూకేలా హెచ్ కమాండ్‌తో నిలపండి, లేకపోతే మళ్లీ మొదటికొస్తుంది. తీగ మీటినట్టు వినిపిస్తుంది.

కిక్‌ని వేవ్ ఛానెల్‌లో (అల ఆకారం మనమే గీసుకునే గొంతు) చేయండి. ఇన్‌స్ట్రుమెంట్‌లో పిచ్‌ని డ్రమ్ అని పెట్టి, పిచ్‌ని జార్చే పీ కమాండ్ ఇవ్వండి. 80 నుంచి ఎఫ్‌ఎఫ్ దాకా (ఇవీ హెక్స్ అంకెలే) విలువలు కిందికి లాగుతాయి, ఎఫ్‌ఎఫ్‌కి దగ్గరయ్యేకొద్దీ నెమ్మదిగా. తోక పొడుగైతే కే కమాండ్‌తో కోసేయండి. దీన్ని ఇయర్‌ఫోన్లలోనే వినండి, ఆ చిన్న స్పీకర్‌లో కింది స్థాయి అసలు రాదు.

ఇక బేస్. వేవ్ ఛానెల్‌లో ఒక వేవ్ అంటే 32 బిందువులు, ఒక్కోదానికి 16 మెట్లు. వాల్యూమ్‌కి మాత్రం నాలుగే స్థాయులు: సున్నా, 25, 50, 100 శాతం. అందుకే ఎన్వలప్‌తో (నోటు వాల్యూమ్ క్రమంగా మార్చే అమరిక) మెల్లగా తగ్గిద్దామంటే మెట్లు దిగినట్టు వస్తుంది. ఇది తెలియక చాలా రోజులు కుస్తీ పట్టాను. సింత్ స్క్రీన్‌లో సా వేవ్ (రంపపు పళ్ల అల) తీసుకుని, లోపాస్ ఫిల్టర్ (పై శబ్దాల్ని ఆపేది) పెట్టి, కటాఫ్ (ఎక్కడ ఆపాలో ఆ హద్దు) మొదట్లో ఎక్కువ, చివర్లో తక్కువ ఇవ్వండి. మధ్యలోవన్నీ అదే లెక్కకట్టి 16 వేవులు తయారుచేస్తుంది. వాటిని ఒకసారి నడిపిస్తే శబ్దం మూసుకుంటూ పోతుంది, ముందుకీ వెనక్కీ నడిచే పింగ్‌పాంగ్‌లో పెడితే ‘వావ్ వావ్’మంటుంది.

ఒక్కటి మాత్రం నా మాటగా వినండి, సేవ్ ఫైల్‌ని ప్రతి వారం కంప్యూటర్‌లోకి తీసుకోండి. నా కార్ట్‌లో (గేమ్‌బాయ్ కార్ట్రిడ్జ్) సేవ్‌ని నిలిపే బటన్ బ్యాటరీ అయిపోయి, ఏడాది పాటు చేసిన ఇన్‌స్ట్రుమెంట్లన్నీ ఒక్క ఉదయంతో పోయాయి. ఆ బాధ మీకొద్దు.

ఈ వారం మెలడీ జోలికి పోకుండా కిక్ ఒక్కటే చేయండి. చేశాక ఇక్కడే పెట్టండి, విని చెబుతాను.