నడుము నొప్పెట్టకుండా నేలను బాగు చేసుకోవడం ఎలాగో బుజ్జమ్మకు పెద్దమ్మ ఉత్తరం

చి.ల.సౌ. బుజ్జమ్మకు పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు చెప్పిందంతా విన్నాక ఉత్తరం రాయడమే మేలనుకున్నా. ఫోన్లో చెప్పిన మాట నిలవదు. ఇదైతే దగ్గర పెట్టుకొని ఒక్కో పనీ చూసుకుంటూ చేసుకోవచ్చు. ఒంగోలు ఊరి బయట మీ ఇంటి వెనక ఐదు సెంట్ల నల్లరేగడి, దాన్నిండా తుంగ, గరిక, వయ్యారిభామ. నీకేమో ఐదు కేజీలకు మించి ఎత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అయినా కూలీలను పెట్టి మొత్తం లోతుగా తవ్విస్తానంటున్నావు. ముందు ఆ తవ్వకం మానుకో.

నడుము సంగతి అటుంచు, తుంగకు తవ్వకమే బలం. మట్టిలో దాని గడ్డలు ఒకదానికొకటి సన్నటి వేరుతో గొలుసుకట్టుగా ఉంటాయి. పార దిగిందంటే ఆ గొలుసు తెగి ఏ గడ్డకాగడ్డ విడిగా మొలకేస్తుంది. అడుగున ఏళ్ల తరబడి పడున్న కలుపు గింజలు కూడా పైకొచ్చి, వెలుతురు తగలగానే లేస్తాయి. డబ్బు పెట్టి కలుపు నాటించుకున్నట్టే. పైగా నల్లరేగడిని ఒకరు తవ్వక్కర్లేదు. ఎండకు జానెడు లోతున బీటలు తీస్తుంది, వాన పడితే ఉబ్బి మూసుకుంటుంది. ఆ బీటల్లోకి ఆకూ అలమూ దిగేలా చూడటమే మన పని.

ఐదు సెంట్లూ ఒకేసారి పట్టుకోవద్దు. ఈ ఏడాదికి ఒక్క సెంటు చాలు. మిగతా నాలుగు సెంట్లలో కలుపు పూత పట్టకముందే కోయిస్తూ ఉండు, గింజ రాలకపోతే అదే పెద్ద లాభం. వయ్యారిభామను మాత్రం నువ్వు ముట్టుకోవద్దు. ఒళ్లు దద్దుర్లెక్కుతుంది, ఆయాసం ఉన్నవాళ్లకైతే ఇంకా చేటు. చేతికి తొడుగులేసుకున్న మనిషితో, నేల తడిగా ఉన్నప్పుడు, పూత రాకముందే వేళ్లతో సహా పీకించు. పూత లేనిదైతే ఎరువు కుప్పలో వేసుకోవచ్చు.

తీసుకున్న సెంటును మూడడుగుల వెడల్పు మడులుగా గీయించు, మధ్యలో అడుగున్నర దారి వదులు. మూడడుగులే ఎందుకంటే పీట మీద కూర్చొని అటు నుంచీ ఇటు నుంచీ చెయ్యి చాపితే నడిమధ్యకు అందుతుంది. మడిలో ఎప్పుడూ కాలు పెట్టొద్దు, పిల్లల్నీ పెట్టనివ్వొద్దు. తడి మీదున్న రేగడిని ఒక్కసారి తొక్కితే అది ఇటుకలా బిగుసుకుంటుంది, మళ్లీ తవ్వాల్సిన గతి పడుతుంది.

ఇప్పుడు ఎండలు ముదిరాయి గదా, వాటిని వాడుకో. తుంగ తక్కువగా ఉన్న మడులను బాగా తడిపి, అద్దంలా అవతలి వైపు కనబడే పలుచటి ప్లాస్టిక్ షీటు నేలకు అంటుకునేలా పరిపించు. అంచుల చుట్టూ మట్టి కప్పించి, గాలి చొరకుండా నాలుగు నుంచి ఆరు వారాలు అట్లాగే ఉంచు. నల్ల షీటు ఈ పనికి అంతగా రాదు, దానికింద నేల అంత వేడెక్కదు. అద్దంలాంటి షీటు కింద రోహిణి కార్తె ఎండకు పైపైన ఉన్న కలుపు గింజలు చాలావరకు ఉడికి చస్తాయి. తుంగ గడ్డలు మాత్రం దీనికి పూర్తిగా లొంగవు, ఆ ఆశ పెట్టుకోవద్దు. షీటు తీశాక నేలను కదిలించకు, కదిలిస్తే కిందున్న గింజలు మళ్లీ పైకొస్తాయి.

తుంగ, గరిక దట్టంగా ఉన్న మడులకు అట్టపెట్టెల పద్ధతి. ఇది ఇప్పుడే కాదు, మృగశిర వచ్చి రెండు మంచి వానలు పడ్డాక. ఎండలో పొడి అట్ట పరిస్తే చెదలకు విందు పెట్టినట్టు. కిరాణా కొట్టువాళ్లు అట్టలు ఊరికే ఇస్తారు. టేపులూ పిన్నులూ పీకేసి, మెరుపు కాగితం అంటించిన వాటిని పక్కన పెట్టు. గడ్డిని నేలబారుగా కోయించి, అట్టలను జానెడు మేర ఒకదానిమీదొకటి ఎక్కించి పరిచి, పైపుతో నానబెట్టు. వాటి మీద బాగా చివికిన పశువుల ఎరువు రెండంగుళాలు, ఆ పైన వేరుశనగ పొట్టో వరిగడ్డో ఎండుటాకులో నాలుగంగుళాలు. పొట్టు నీకు బాగా పనికొస్తుంది, బస్తా నిండా ఉన్నా బరువుండదు. దాన్ని మట్టిలో కలపొద్దు, పైనే ఉంచు. కలిపితే అది కుళ్లేటప్పుడు మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటుంది, మొక్కలు పసుపెక్కుతాయి. గరిక పక్కల నుంచి పాకి వస్తుంది కాబట్టి అట్టను మడి దాటి ఇంకో అడుగు బయటికి పరిపించు.

ఎరువు విషయంలో ఒక హెచ్చరిక. పచ్చిపేడ వద్దు, పశువు తిన్న కలుపు గింజలు అందులో బతికే ఉంటాయి. కుప్పేసి, వేడెక్కి, మగ్గి నల్లబడి, వాసన పోయిన ఎరువే తీసుకో. ట్రాక్టరు వచ్చినప్పుడు మనిషిని పెట్టి మడుల పక్కనే నాలుగు చోట్ల చిన్న చిన్న కుప్పలుగా దింపించు. గేటు దగ్గర దింపితే మొయ్యాల్సింది నువ్వే. ఆ ఒక్కరోజు కూలికి వెనకాడొద్దు తల్లీ, నడుము దానికంటే ఖరీదు. తర్వాత ఏదైనా జరపాల్సొస్తే పాత పట్టా మీద వేసి కొద్దికొద్దిగా లాక్కో, ఎత్తకు.

మన వైపు పొగాకు కాడలు ఊరికే దొరుకుతాయని ఎవరో ఒకరు తెచ్చిపెడతారు. కూరగాయల మడిలోకి రానివ్వొద్దు. ఎండిన పొగాకులో కూడా మొజాయిక్ తెగులు వైరస్ బతికుండి టమాటాకూ మిరపకూ అంటుకుంటుంది. పొయ్యిలో బూడిద కూడా వద్దు, మన రేగడిలో సున్నం పాలు ముందే ఎక్కువ. ఇసుక కలిపితే గుల్లబారుతుందని చెప్పేవాళ్ల మాటా వినకు. ఒకటి రెండు ట్రక్కుల ఇసుకతో ఐదు సెంట్ల బంకనేల మారదు, మొయ్యడమే మిగులుతుంది. చవుడు విరగడానికి వేసే జిప్సం అవసరమా కాదా అన్నది మట్టి పరీక్ష చేయించాకే. ఐదారు చోట్ల ఆరంగుళాల లోతున వీ ఆకారంలో గుంట తీసి, అంచు నుంచి పలుచగా మట్టి గీకి, అన్నీ కలిపి అరకేజీ రైతు సేవా కేంద్రంలో ఇప్పించు. ఇది పిల్లాడు చెయ్యగల పని.

షీటు తీసిన మడుల్లో పునర్వసు, పుష్యమి కార్తెల్లో వాన చూసుకొని జనుము చల్లు. సెంటుకు పావుకేజీ లెక్కన ఒత్తుగా పడాలి. జనుము వేరు రేగడిలో నువ్వు పారతో దిగలేనంత లోతుకు దిగుతుంది, పైన నీడ కమ్మి కలుపును లేవనివ్వదు. నలభై అయిదు, యాభై రోజులకు మొగ్గ తొడుగుతుంది. అప్పుడు కొడవలితో మొదలంటా కోయించి ఎక్కడిదక్కడే పడేయించు. కలియదున్నక్కర్లేదు. వేళ్లు లోపల కుళ్లి నీటికీ గాలికీ దారులు వదులుతాయి, పైన పడ్డది వానపాములకు మేత. దసరా దాటి మనకు అసలు వానలు మొదలయ్యేసరికి ఆ ఆకు పక్కకు జరిపి వంగ, మిరప, టమాటా నారు పెట్టుకోవచ్చు. అట్టల మడుల్లో అయితే అట్టకు చిన్న కంత చేసి మొక్క దించు. పైన పరిచిన పొట్టూ గడ్డీ కప్పును మొక్క మొదలుకు నాలుగు వేళ్ల దూరంలో ఆపాలి, ఆనితే కాండం కుళ్లుతుంది.

తుంగ అట్టను కూడా పొడుచుకొని వస్తుంది. అది చూసి దిగులు పడొద్దు. లేచిన మొలకకు నాలుగైదు ఆకులు రాకముందే కోసెయ్యి, మళ్లీ లేస్తే మళ్లీ కోసెయ్యి. ఆకు నిలిస్తేనే అది కొత్త గడ్డ పెట్టగలదు, నిలవనివ్వకపోతే పాత గడ్డలోని బలం కరిగిపోతుంది. నిలబడి తోసుకుంటూ పోయే పొడుగు కర్ర దంతె ఒకటి చేయించుకో, కర్ర నీ రొమ్ము ఎత్తున ఉండాలి, వంగే పని పడదు. వారానికి రెండుసార్లు, పొద్దున్నే పావుగంట. నెలకోసారి సగం రోజు చేస్తే దీనికి ఫలితం ఉండదు. తుంగకు నీడంటే పడదు, కాబట్టి ఖాళీ ఉన్న చోటల్లా అలసంద పెట్టు, చిలగడదుంప తీగ పాకించు.

మీ బోరు నీళ్లు ఉప్పన అన్నావు. అలాంటి చోట నేలమీద కప్పు ఇంకా ముఖ్యం. ఒట్టి నేలైతే ఎండకు నీరు ఆవిరైపోయి ఉప్పు పైకొచ్చి తెల్లగా పేరుకుంటుంది. కప్పుంటే ఆవిరి తగ్గుతుంది, ఉప్పు పైకి చేరడమూ తగ్గుతుంది. మిద్దె మీది వాన నీళ్లు పైపు పెట్టి మడుల వైపు మళ్లించమని అల్లుడికి చెప్పు.

నేలకు బలం కోసం పేడా మూత్రం పులియబెట్టి చేసే జీవామృతం వేద్దామనుకుంటే నీకు డ్రమ్ములకు డ్రమ్ములు అక్కర్లేదు. మడి పక్కన నీడలో ఇరవై లీటర్ల బకెట్టు పెట్టి, దాంట్లోనే నీళ్లు పట్టి, కేజీ ఆవుపేడ, లీటరు ఆవు మూత్రం, రెండొందల గ్రాముల బెల్లం, రెండొందల గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టుమట్టి కలుపు. రెండు పూటలా కర్రతో తిప్పుతూ రెండు రోజులుంచి, మగ్గుతో ముంచి తడి నేల మీద పోసుకో. బకెట్టును కదిలించొద్దు. వారంలోపల వాడెయ్యాలి.

కప్పు కింద తేళ్లు, జెర్రులు చేరతాయి. ఎప్పుడూ చెయ్యి పెట్టి ఎత్తొద్దు, ముందు కర్రతో కదిలించి చూడు. చీకటిపడ్డాక అటు పోవద్దు.

జనుము విత్తనం రెండు కేజీలు తీసిపెట్టా. శనివారం మీ పెదనాన్న ఒంగోలు వస్తున్నాడు, ఆయనతో పంపుతా. బస్సు స్టాండుకు అల్లుణ్ణి పంపించు, సంచి పట్టుకోవడానికి నువ్వు మాత్రం పోవద్దు.

ఇట్లు
మీ పెద్దమ్మ
టంగుటూరు