తీరిక పని అనకు తల్లీ

నరసాపురం

చి.ల.సౌ. మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

జపానులో, మీ నగోయా ఇంట్లోనే పిల్లలకు ఇంగ్లీషు పాఠాలు చెబుతానని మొన్న ఫోనులో అన్నావు. చాలా సంతోషించాను. ఆ వెంటనే "ఏదో తీరిక వేళల్లోనే లే అత్తయ్యా" అన్నావు. ఆ మాట రాత్రంతా నన్ను వదల్లేదు. అందుకే ఈ ఉత్తరం.

మీ నానమ్మ మన అరుగు మీద కూర్చుని నలభై ఏళ్లు లేసు అల్లింది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్లేవాడు, అల్లిన పువ్వులు లెక్కపెట్టి తీసుకునేవాడు. కూలి పెంచమంటే "ఇంట్లో కూర్చుని తీరిక వేళల్లో చేసుకునే పనేగా అమ్మా" అనేవాడు. వంట ముగించి, దీపం దగ్గర కళ్లు నొప్పెట్టేదాకా అల్లిన పనికి వాళ్లు పెట్టిన పేరు అది. వినగా వినగా చివరికి అమ్మ కూడా అదే అనేది. ఇంట్లో చేసే పని ధరను ఆ ఒక్క మాట ఎంత దించుతుందో నేను కళ్లారా చూశాను. అయినా నీలాగే యోకొహామాలో ఇంట్లో పిల్లలకు ఇంగ్లీషు చెప్పిన మొదటి ఏడాది నేనూ అదే అన్నాను.

ముందు వీసా సంగతి. నువ్వు అల్లుడుగారి మీద ఆధారపడిన వీసాతో ఉన్నావు కనుక అనుమతి లేకుండా ఒక్క యెన్ను కూడా సంపాదించకూడదు. మామూలుగా ఇచ్చే అనుమతితో వారానికి 28 గంటలు మించి పని చేయకూడదు. అయితే అది ఒకరి దగ్గర కొలువు చేసేవారిని దృష్టిలో పెట్టుకుని ఇచ్చేది. మనమే యజమానులమై నడిపే పనికి ఇమ్మిగ్రేషన్ కార్యాలయంలో విడిగా అడగాలి. "ఎవరూ పట్టించుకోరు" అనేవాళ్లు అక్కడి మనవాళ్లలోనూ ఉంటారు, వినకు. అద్దె ఒప్పందంలో ఇల్లు నివాసానికి మాత్రమే అని రాసి ఉంటే యజమాని ఒప్పుకోలు కూడా కావాలి. పని మొదలుపెట్టాక పన్నుల కార్యాలయంలో తెలియజేయడం, ఏటా ఫిబ్రవరి 16 నుంచి మార్చి 15 లోపు లెక్క చూపించడం ఉంటాయి. మొదటి రోజు నుంచే ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే అదేమంత భారం కాదు.

ఇక ఫీజు. నేను మొదట పాఠానికి ఇంత అని తీసుకున్నాను. వాన పడితే పిల్లలు రారు, జలుబు చేస్తే రారు. ఆగస్టులో ఓబోన్ పండగ సెలవులకు తాతగారి ఊళ్లకు వెళ్లిపోతారు. ఆ నెల నా చేతికి ఒక్క పిల్ల డబ్బే వచ్చింది. ఇంట్లోనే నేర్పే పియానో, కాలిగ్రఫీ గురువులు అక్కడ నెల జీతాన్ని ముందే కవరులో తీసుకుంటారు. దాన్ని గెస్షా అంటారు. ఆ తల్లులకు అది చిన్ననాటి నుంచి అలవాటైన పద్ధతి, అడగడానికి నువ్వు మొహమాటపడనక్కరలేదు. రాలేని రోజుకు నెలకు ఒక్క పాఠం మాత్రమే మళ్లీ చెబుతానని ముందే కాగితం మీద రాసి ఇవ్వు. మన తెలుగువాళ్లు "మనలో మనకు డబ్బులేమిటి" అంటారు. కాఫీ ఇవ్వు, పండక్కి పిలువు, పాఠానికి మాత్రం అందరి దగ్గరా తీసుకున్నంతే తీసుకో.

"మీరు అమెరికావారు కారు కదా" అని ఒక తల్లి నన్ను మర్యాదగానే అడిగింది. నిన్నూ అడుగుతారు, కుంగిపోకు. నీ దగ్గర ఉన్నది ఆ అమెరికావారి దగ్గర లేదు. మన నోట మాట అచ్చుతో ముగియాలి: బస్సు, గ్లాసు. జపాను పిల్లలకూ అంతే: బసు, గురాసు. ఐస్‌క్రీము వాళ్ల నోట ఐసుకురీము అవుతుంది. నేను అన్నం తింటాను అన్నప్పుడు మనకు క్రియ చివర వచ్చినట్టే వాళ్లకూ వస్తుంది. ఏడేళ్ల పిల్ల "ఐ యాపిల్ ఈట్" అంటే ఆ తప్పు ఎక్కడ పుట్టిందో నీకు వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే చిన్నప్పుడు నువ్వూ ఆ దారినే నడిచావు. వాళ్లకు కష్టమైనది ల, ర ల తేడా. మనకు కాలు వేరు, కారు వేరు. వాళ్ల చెవికి అవి ఒక్కటే. నేను ఒక్కొక్కరి చేతికి చిన్న అద్దం ఇచ్చి, నాలుక కొస ఎక్కడ తగులుతోందో చూసుకోమనేదాన్ని. రోజూ అయిదు నిమిషాలు, నెలల తరబడి. తొందరపెడితే పిల్లలు నోరు విప్పడం మానేస్తారు. ఒక కుర్రాడు మూడు నెలలు ఒక్క మాటా మాట్లాడలేదు. నాలుగో నెలలో తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ "లెమన్" అని స్పష్టంగా అని వెళ్లాడు. ఆ రోజు నేను పడిన ఆనందం ఇప్పటికీ అలాగే ఉంది.

2020 ఏప్రిల్ నుంచి అక్కడ అయిదు, ఆరు తరగతుల్లో ఇంగ్లీషు మార్కులు వేసే పాఠ్యాంశమైంది. మూడు, నాలుగు తరగతుల్లో ఆటపాటలుగా నేర్పుతారు. అందుకే మూడో తరగతి పిల్లల తల్లులు ముందుగా వస్తారు. ఎయికెన్ అని అక్కడ ఒక ఇంగ్లీషు పరీక్ష ఉంది, అందులో అయిదో స్థాయి సులువైనవాటిలో ఒకటి. ఒక్క పిల్ల అందులో గట్టెక్కితే ఆ వీధికంతా తెలుస్తుంది. కరపత్రాలు పంచేకంటే అదే మేలు. ఒక్కో తరగతికి నలుగురికి మించి చేర్చుకోకు. సైకిళ్లు ఎక్కడ పెట్టాలో మొదటి రోజే చూపించు, పక్కింటివాళ్లతో గొడవలు అక్కడే మొదలవుతాయి.

బళ్లు తెరిచేది ఏప్రిల్‌లో. ఇమ్మిగ్రేషన్ జవాబుకు వారాలు పట్టవచ్చు కనుక ఈ వారమే వెళ్లు. ఫీజు కాగితం రాశాక దాని ఫొటో నాకు పంపు. అంకె తక్కువగా ఉంటే తిప్పి పంపుతాను.

నీ మేనత్త