బార్ దించేసినా తొడలు కరిగిపోవు

ప్రశ్న: నా వయసు 34, బరువు 72 కేజీలు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటాను. ఏడాదిగా సాయంత్రాలు జిమ్‌కు వెళ్తున్నాను. రెండు నెలల కిందట 80 కేజీల బార్‌తో స్క్వాట్ (బరువు భుజాన పెట్టుకుని గొంతుక్కూర్చుని లేవడం) చేస్తూ పైకి లేస్తుంటే నడుము కలుక్కుమంది. ఎంఆర్‌ఐలో నడుము కింది ఎల్4-ఎల్5 పూసల మధ్య మెత్తటి దిండులా ఉండే డిస్క్ కొంచెం ఉబ్బిందన్నారు. నొప్పి కాలిలోకి దిగలేదు, ఇప్పుడు చాలావరకు తగ్గింది. కానీ బార్ భుజాన పెడితే మళ్లీ పట్టేస్తోంది. స్క్వాట్ మానేస్తే కాళ్లు సన్నబడతాయా? బదులుగా ఏం చేయవచ్చు?
- ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: సన్నబడవు. బరువు భుజం మీద ఉందా, చేతిలో ఉందా అన్నది తొడ కండరానికి పట్టదు. తన మీద ఎంత పడిందన్నదే దానికి లెక్క. 72 కేజీల మీరు 80 కేజీల బార్ ఎత్తితే మొత్తం 152, ఒక్కో కాలికి 76. ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి వేసి చేసే స్ప్లిట్ స్క్వాట్‌లో సుమారు నాలుగింట మూడొంతుల బరువు ముందు కాలే మోస్తుంది. రెండు చేతుల్లో పదేసి కేజీలు పట్టుకుంటే మొత్తం 92, ముందు కాలి వాటా దాదాపు 70. కాలికి పని ఇంచుమించు అంతే. నడుము మోసే అదనపు బరువు మాత్రం 80 నుంచి 20కి దిగింది.

రిపోర్టు చూసి కంగారు పడకండి. ఏ నొప్పీ లేని ముప్పై ఏళ్లవారికి స్కాన్ తీసినా దాదాపు 40 శాతం మందిలో డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది. అయితే నొప్పి మోకాలి కిందికి పాకినా, కాలు తిమ్మిరెక్కినా, నడుస్తుంటే పాదం ఈడుస్తున్నా వ్యాయామం ఆపి డాక్టరుకు చూపించండి. మూత్రం బిగిసినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ స్పర్శ తగ్గినా తెల్లారేదాకా ఆగకూడదు, ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లాలి.

బార్‌తో ఎక్కడ తేడా వస్తుందంటే, బరువు నడుముకు చాలా పైన, భుజాల మీద ఉంటుంది. ఒళ్లు కాస్త ముందుకు వాలినా ఆ దూరమంతా మీటలా పనిచేసి నడుము కింది పూసల మీద ఒత్తిడి పెంచుతుంది. బాగా కిందికి దిగాక పిరుదులు లోపలికి ముడుచుకుని నడుము గూనిలా వంగుతుంది. డిస్క్ దెబ్బతినే ముప్పు ఆ క్షణంలో ఎక్కువ. చిన్నప్పటి నుంచి గొంతుక్కూర్చునే అలవాటుంది కదా, నాకేం అనుకోవద్దు. ఖాళీగా అలా కూర్చుంటే ఫర్వాలేదు, 80 కేజీలు మోస్తూ కూర్చోవడం వేరు. చీలమండ బిగుసుకున్నా ఒళ్లు ముందుకు వాలుతుంది. పాదం బొటనవేలు గోడకు 4 అంగుళాల దూరంలో పెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకు తాకించి చూడండి. తాకకపోతే రోజూ అదే పదిహేనుసార్లు చేయండి.

ఇక స్ప్లిట్ స్క్వాట్. పాదాల మధ్య ముందూ వెనకా రెండు, రెండున్నర అడుగుల దూరం ఉండాలి. పక్కలకు మాత్రం తుంటి అంత ఎడం వదలాలి. చాలామంది రెండు పాదాలూ ఒకే గీత మీద పెట్టి, తాడు మీద నడిచినట్టు ఊగిపోతారు. వెనక మడమ పైకి, ముందు మడమ నేలకు. మూడు లెక్కపెడుతూ వెనక మోకాలు నేలకు రెండంగుళాల పైదాకా దించి, ముందు మడమతో నేలను నొక్కి లేవాలి. ముందు మడమ లేస్తోందంటే అడుగు చిన్నదైంది. నడుము వెనక్కి విరుచుకుంటోందంటే అడుగు పెద్దదైంది. ఒక్కో కాలికి 8 చొప్పున 3 సార్లు. మొదటి రెండు వారాలూ ఖాళీ చేతులతో, కావాలంటే గోడ పట్టుకుని చేయండి. తర్వాత చేతికి 5 కేజీలు. నీళ్లు నింపిన 5 లీటర్ల క్యాన్ అంతే తూగుతుంది. వెనక పాదం బెంచీ మీద పెట్టే బల్గేరియన్ రకం నెల తర్వాతే. జిమ్ బెంచీలు దానికి ఎత్తెక్కువ, నడుమును విరిచేస్తాయి. 12 అంగుళాలు దాటనివ్వకండి.

రెండోది మెట్టెక్కడం. ఇంటి మెట్టు 6-7 అంగుళాలుంటే అక్కడే మొదలుపెట్టి, పోనుపోను 12కు వెళ్లండి. కింది కాలితో నేలను తన్ని ఎగరకూడదు, పై కాలే లేపాలి. దిగేటప్పుడు నెమ్మది. తడి గట్టు మీద మాత్రం వద్దు.

రెండు కాళ్లతో చేయాలనే ఉంటే గాబ్లెట్ స్క్వాట్ మంచిది. 8 కేజీల డంబెల్ నిలువుగా ఛాతీకి ఆనించి, వెనక 16-18 అంగుళాల స్టూలు పెట్టుకుని దానికి తాకగానే లేవాలి. ముందున్న బరువు వల్ల ఒళ్లు నిటారుగా నిలుస్తుంది. కాళ్లకంటే ముందు చేతులే అలిసిపోతాయి కాబట్టి అత్యాశకు తావుండదు. చీలమండ బిగుసుగా ఉంటే మడమల కింద అంగుళం మందం జిమ్ ప్లేట్లు పెట్టుకోండి.

మిషన్ మీద కూర్చుని కాళ్లతో బరువును తోసే లెగ్ ప్రెస్ నడుముకు సురక్షితమని ట్రైనర్లు చెబుతారు. సగమే నిజం. మోకాళ్లు ఛాతీ దాకా తెచ్చుకుంటే పిరుదులు సీటు నుంచి లేచి, నడుము అదే గూనిగా వంగుతుంది, పైగా వంద కేజీలకు పైన బరువుతో. పిరుదులు లేవబోయే ముందే ఆపేయండి. తుంటికి బెల్టు కట్టి బరువు కిందికి వేలాడదీసే బెల్ట్ స్క్వాట్ మిషన్ మీ జిమ్‌లో ఉంటే అన్నింటికంటే అదే మేలు, వెన్ను మీద దాదాపు ఏమీ పడదు.

వారానికి రెండు రోజులు చాలు. చేస్తుండగా నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాటి ఉదయానికి మామూలు స్థితికి రావాలి. రాకపోతే తర్వాతిసారి బరువు సగం చేయండి. నొప్పి మాత్ర వేసుకునో, సూది వేయించుకునో జిమ్‌కు వెళ్లకండి, హద్దు ఎక్కడో తెలియకుండా పోతుంది.

చెరువు దగ్గర పని కూడా ఈ లెక్కలోదే. రాత్రంతా డిస్కులు నీరు పట్టి ఉబ్బి ఉంటాయి. తెల్లారి లేచిన మొదటి గంటలో వంగి 25 కేజీల మేత బస్తా ఎత్తితే, సాయంత్రం జిమ్‌లో ఎంత జాగ్రత్తపడినా నడుము కుదుటపడదు. బస్తాలు ముందురోజే నడుమెత్తు బల్ల మీద వేయించుకోండి. నేల మీదివి తప్పకపోతే ఒక మోకాలు నేలకు ఆనించి, బస్తాను తొడ మీదికి లాక్కుని, ఒంటికి హత్తుకుని లేవండి. ఎక్కువ బస్తాలు మోసిన రోజు జిమ్‌లో కాళ్ల వ్యాయామం మానేయండి.