మీరు అడిగారు: బహుమతి రాని వ్యాసాన్ని ఏం చేయాలి?

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. గ్రంథాలయ వారోత్సవాల వ్యాసరచన పోటీలో మండలంలో మొదటి బహుమతి వచ్చింది. జిల్లాకు వెళ్తే పేరే లేదు. ‘మాస్టారు రాసిచ్చింది పొల్లు పోకుండా రాశాను కదా’ అని ఏడుస్తోంది. ఇక పోటీలకే వెళ్లనంటోంది. ఏం చెప్పమంటారు?
– ఓ తల్లి, తెనాలి

పొల్లు పోకుండా రాయడమే దెబ్బతీసి ఉంటుందమ్మా. జిల్లా పోటీకి ప్రతి మండలం నుంచీ కంఠతా పట్టిన పిల్లలే ఎక్కువ వస్తారు. చదివిన గైడ్లు అవే కాబట్టి ఎత్తుగడా అదే: ‘పుస్తకం హస్తభూషణం’ అని మొదలవుతుంది, ‘కాబట్టి మనమందరం’ అని ముగుస్తుంది. దిద్దేవారికి పదో కాగితం దగ్గరికి వచ్చేసరికి ఏది ఎవరిదో తేడా తెలియదు. పైగా అంశం కాస్త మారితే బట్టీ పట్టిన పిల్లలు చిక్కుల్లో పడతారు. ‘గ్రంథాలయాల ప్రాముఖ్యత’ వల్లించి వెళ్తే, అక్కడ ‘మా ఊరి గ్రంథాలయం ఎలా ఉండాలి’ అని ఇస్తారు. పాత వ్యాసమే కొత్త శీర్షిక కింద దిగిపోతుంది. భాష ఎంత బాగున్నా అంశం తప్పినట్టే.

గంట పోటీ అయితే మొదటి పది నిమిషాలు వ్యాసం మొదలుపెట్టొద్దని చెప్పండి. అంశంలోని ముఖ్యమైన మాటల కింద గీత గీయాలి. చిత్తు కాగితం మీద మూడంటే మూడు విషయాలు వేసుకోవాలి. ఒక్కోదాని పక్కన తను కళ్లారా చూసిన సంగతి ఒకటి రాసుకోవాలి. తర్వాత నలభై నిమిషాలు రాత, చివరి పది నిమిషాలు చదివి దిద్దుకోవడం. ఎక్కువమంది చేసే పొరపాటు ఉపోద్ఘాతానికే పేజీ అంతా ఇచ్చేయడం. దాంతో అసలు విషయం చివరి అరపేజీలో ఇరుక్కుంటుంది. ఉపోద్ఘాతం నాలుగు వాక్యాలు దాటకూడదు.

చూసిన సంగతి ఎందుకంటే, ఈ రెండూ చదవండి.

‘గ్రంథాలయాలు విజ్ఞాన భాండాగారాలు. వాటిని సద్వినియోగం చేసుకోవాలి.’

‘మా గ్రంథాలయం సాయంత్రం నాలుగింటికి తెరుస్తారు. బడి వదిలి మేం వెళ్లేసరికి పేపర్ల దగ్గర పెద్దవాళ్లు కూర్చుని ఉంటారు. పిల్లల పుస్తకాల బీరువాకి మాత్రం తాళం ఉంటుంది.’

రెండోదాంట్లో అలంకారం ఒక్కటీ లేదు. అయినా ఆ తాళం ఎందుకు తీయాలో తర్వాతి పేరాలో చెప్పడానికి దారి దొరికింది. మొదటిది రాసిన పిల్లకు అక్కడి నుంచి ఎటు పోవాలో తెలియదు.

ఇక అసలు పని పోటీ అయ్యాకే ఉంటుంది. రాసిన కాగితం చాలాచోట్ల తిరిగి ఇవ్వరు. అందుకే ఆ సాయంత్రమే గుర్తున్నంత మేరకు ఏం రాసిందో ఒక నోటుబుక్కులో పెట్టించండి. వారం ఆగి అదే అంశం మీద, గడియారం లేకుండా, మళ్లీ రాయమనండి. రాసింది పైకి చదవాలి. ఊపిరి అందని చోట వాక్యాన్ని రెండుగా విరగ్గొట్టాలి. రచన పెరిగేది ఈ రెండోసారి రాతలో. బహుమతి వచ్చిన వ్యాసాన్నీ ఇలాగే తిరగరాయించాలి. గెలిచిన పిల్లలకు ఆ అవకాశం ఎవరూ ఇవ్వకపోవడం మాకు బాధ కలిగించే విషయం.

భాష సంగతి ఒకటి. ‘కలదు’, ‘యున్నది’ అంటూ మొదలుపెట్టి మధ్యలో ‘ఉంది’లోకి జారడం పోటీ కాగితాల్లో తరచూ కనిపిస్తుంది. ఆగస్టు 29న, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి జయంతి నాడు జరిగే పోటీల్లోనూ ఇదే తీరు. ఇంట్లో మర్యాదగా మాట్లాడే తెలుగే మొదటి నుంచి చివరిదాకా చాలు.

తొమ్మిదో తరగతి చదువుతున్నాను. వ్యాసం మొదలుపెడితే కథలా అయిపోతోంది. నాలాంటి వాళ్లకు తగిన పోటీలున్నాయా?
– ఓ విద్యార్థి, సిద్దిపేట

ఉత్తరాల పోటీలు చూడు బాబూ. తపాలా శాఖ ‘ఢాయి ఆఖర్’ పేరుతో జాతీయ స్థాయిలో నిర్వహిస్తుంది. తెలుగులో రాయొచ్చు. ఇన్‌లాండ్ లెటర్ మీద 500 పదాలు, కవరులో పంపే ఎ4 కాగితం మీద 1000 పదాలు మించకూడదు. చేత్తోనే రాయాలి. పద్దెనిమిదేళ్ల లోపువారికి వేరే విభాగం ఉంది. వయసు ధ్రువీకరణ వాక్యం రాయడం మరిచిపోవద్దు. అంశం, గడువు ఏటా మారతాయి కాబట్టి పోస్టాఫీసులో అడిగి తెలుసుకో. ప్రపంచ తపాలా సంఘం వారి అంతర్జాతీయ లేఖారచన పోటీ తొమ్మిది నుంచి పదిహేనేళ్ల వారికి. అక్కడ 800 పదాలు దాటకూడదు.

పెద్ద దస్తూరీ అయితే ఇన్‌లాండ్ లెటర్‌లో 500 పదాలు పట్టవు. ముందు అదే కొలత కాగితం మీద చిత్తుప్రతి రాసి చూసుకో. ‘ప్రియమైన’ తర్వాత ఎవరి పేరు పెడతావో అదే ఉత్తరాన్ని నడిపిస్తుంది. తాతయ్యకు రాస్తే ఆయనకు తెలిసిన సంగతులు మళ్లీ వివరించవు, తెలియనివే చెబుతావు. కథ చెప్పే నీ అలవాటు అక్కడ పనికొస్తుంది. వ్యాసంలోనూ కథను పూర్తిగా మానుకోనక్కర్లేదు. ఐదారు వాక్యాల్లో ముగించి, అది దేనికి రుజువో వెంటనే చెప్పు.

పిల్లల వ్యాసాలు దిద్దితే కాగితమంతా ఎర్రసిరా అవుతోంది. వాళ్లు చూడను కూడా చూడరు.
– ఓ తెలుగు ఉపాధ్యాయురాలు, కర్నూలు

ఒక కాగితంలో ఒక్క రకం తప్పే పట్టుకోండి మేడమ్. ఈసారి ళ–ల, ణ–న, వచ్చేసారి ఒత్తులు, ఆపైన శ–ష–స. తప్పు దిద్దకుండా ఆ వరుస పక్కన చుక్క పెట్టి, వాళ్లనే వెతుక్కోమనండి. బాగున్న వాక్యం ఒకటి ఉంటే దాని కింద గీత గీసి, ఎందుకు బాగుందో అంచున నాలుగు మాటల్లో రాయండి.