మిడ్ 6 అంటే ఎంత?

తమ్ముడూ,

గిటార్ ఆంప్‌ల శబ్దాన్ని డిజిటల్‌గా అనుకరించే మోడలర్ల మీద నువ్వు రాసిన వ్యాసం నిన్న రాత్రి చదవడం మొదలుపెట్టి నాలుగో పేరా దగ్గర ఆగిపోయాను. "డీలక్స్ రివర్బ్ మోడల్ తీసుకుని గెయిన్ 7, బాస్ 6, మిడ్ 6, ట్రెబుల్ 7, ప్రెజెన్స్ 5 పెడితే చక్కటి క్లీన్ టోన్ వస్తుంది" అని రాశావు. అరవైల నాటి అసలు ఫెండర్ డీలక్స్ రివర్బ్ ఆంప్‌కి మిడ్ (మధ్య స్వరాల) నాబ్ లేదు. ప్రెజెన్స్ నాబూ లేదు. టోన్‌కి ఉన్నవి ట్రెబుల్, బాస్, అంతే. మిడ్ నాబ్ ఉండాల్సిన చోట సర్క్యూట్‌లో 6.8 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి కదలకుండా కూర్చుని ఉంటుంది. మోడలర్ తయారుచేసినవాళ్లు మన సౌకర్యం కోసం అసలు ఆంప్‌లో లేని నాబ్‌లు కూడా తెర మీద పెడతారు. అందులో తప్పేం లేదు. కానీ నీ పాఠకుడి మోడలర్‌లో ఆ నాబ్ లేకపోతే అతను ఏం చెయ్యాలి?

అంతకన్నా పెద్ద చిక్కు ఆ గెయిన్ 7. అది సుమారు 22 వాట్ల ఆంప్. రెండు 6వీ6 ట్యూబులు, ఒక్క 12 అంగుళాల స్పీకర్. బలమైన సిగ్నల్ ఇచ్చే హంబకర్ పికప్ ఉన్న గిటార్‌తో వాల్యూమ్ (నువ్వు గెయిన్ అన్నది) సగానికి రాకముందే శబ్దం అంచుల్లో చిట్లడం మొదలవుతుంది. 7 దగ్గర నీకు క్లీన్‌గా వినబడిందంటే, నీ గిటార్ సిగ్నల్ మోడలర్‌లోకి చాలా నీరసంగా వెళ్తోందని అర్థం. నువ్వు అబద్ధం రాయలేదు. నీ గదిలో, నీ తీగకి, నీ ఇంటర్‌ఫేస్‌కి (గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) అది నిజమే. అదే అంకె ఇంకొకడు పెట్టుకుంటే గరగరలాడుతుంది.

ఇన్నేళ్లుగా ఈ రాతలు రాస్తూ నేను పట్టుకుని వేలాడుతున్న మాట ఒకటే: నాబ్ అంకె ఒంటరిగా రాస్తే అది సమాచారం కాదు. ఏ పికప్ (తీగ కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం), ఇన్‌పుట్ ఎంత, ఏ క్యాబ్ (స్పీకర్ పెట్టె), ఏ మైక్ ఎక్కడ, ఎంత శబ్దంలో విన్నావు, ఎందులోంచి విన్నావు అన్నవి పక్కన ఉంటేనే అంకెకి విలువ. వంటలో "ఉప్పు రెండు చెంచాలు" అని రాసి కూర ఎంతమందికో రాయకపోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

ఇన్‌పుట్‌తో మొదలుపెట్టు. మామూలు గిటార్ పికప్‌కి ఎదురుగా 1 మెగా ఓమ్ దరిదాపుల్లో ఇంపీడెన్స్ ఉండాలి. ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ అని రాసి ఉండే బటన్ అందుకే. అది నొక్కకుండా లైన్ ఇన్‌లో గుచ్చితే పై ఫ్రీక్వెన్సీలు చచ్చిపోతాయి, ఆ లోటు తీర్చాలని ట్రెబుల్ 9కి తీసుకెళ్తారు, అక్కడినుంచి అన్నీ తప్పే. ఇక లెవెల్ సంగతి. ఇంటర్‌ఫేస్ గెయిన్ 6 డెసిబెళ్లు పెంచావంటే ఆంప్ మోడల్‌కి వోల్టేజ్ రెట్టింపు అందినట్టు. అంటే పికప్ మార్చినంత తేడా. కంప్యూటర్ ప్లగిన్ వాడేటప్పుడు ఇంటర్‌ఫేస్ గెయిన్ నాబ్ పూర్తిగా తగ్గించి మొదలుపెట్టు, నీ చేతికి ఎంత బలం ఉందో అంత గట్టిగా బ్రిడ్జ్ పికప్ మీద ఒక E కార్డ్ కొట్టు, ఎర్ర లైటు వెలగకూడదు. ఆ స్థానాన్ని పెన్నుతో గుర్తు పెట్టుకో. ఇక దాన్ని ముట్టుకోకు. ఆ గుర్తు ఎక్కడుందో వ్యాసంలో రాయి.

తర్వాత ఆంప్ నాబ్‌ల జోలికి పోకుండా క్యాబ్ దగ్గరికి వెళ్లు. నీ వ్యాసంలో ఆంప్ మోడళ్ల మీద ఏడు పేరాలున్నాయి, క్యాబ్ మీద రెండు వాక్యాలు. తలకిందులు చెయ్యాలి. గిటార్ స్పీకర్ పూర్తి శ్రేణి స్పీకర్ కాదు. సెలెస్టియన్ వింటేజ్ 30 తీసుకో, 1986 నుంచి ఉన్న 60 వాట్ల 12 అంగుళాల స్పీకర్. దానికి కంపెనీ చెప్పే శ్రేణి 70 నుంచి 5000 హెర్ట్జ్. 5 కిలోహెర్ట్జ్ దాటాక చప్పుడు నిట్టనిలువుగా పడిపోతుంది. డిస్టార్షన్ పుట్టించే తేనెటీగల రొదంతా ఆ పైనే ఉంటుంది, స్పీకర్ దాన్ని మింగేస్తుంది. మోడలర్‌లో క్యాబ్‌ని అనుకరించే క్యాబ్ బ్లాక్ ఆపి హెడ్‌ఫోన్‌లో ఒక్కసారి విను, ఆ రొద ఏమిటో తెలుస్తుంది. అదే పాచ్‌ని (దాచుకున్న సెట్టింగుల కట్టని) అసలు గిటార్ క్యాబ్‌లోకి పంపేటప్పుడు మాత్రం క్యాబ్ బ్లాక్ ఆపెయ్యాలి. లేకపోతే రెండు క్యాబ్‌లు ఒకదాని మీద ఒకటి పడి, దుప్పటి కప్పినట్టు ముద్దగా వినబడుతుంది. కొత్తవాళ్ల నుంచి వచ్చే ఫిర్యాదుల్లో ఇదొకటి తప్పకుండా ఉంటుంది.

మైక్ ఎక్కడుందన్నది ట్రెబుల్ నాబ్ కంటే బలమైన విషయం. షూర్ ఎస్ఎం57 మైక్‌ని స్పీకర్ మధ్య గుండ్రటి టోపీకి సూటిగా పెడితే శబ్దం కత్తిలా గుచ్చుతుంది. టోపీ, కాగితం కోన్ కలిసే అంచుకి రెండు మూడు సెంటీమీటర్లు జరిపితే ఆ పదును దిగి, మధ్య స్వరాలకి ఒళ్లు వస్తుంది. ఇంకా అంచుకి జరిపితే మొద్దుబారుతుంది. మోడలర్‌లో ఇది ఒక్క స్లైడర్. ముందు దాన్ని జరుపు, అప్పటికీ గుచ్చుతుంటేనే హై కట్ (పై స్వరాలని కోసే ఫిల్టర్) 6 నుంచి 7.5 కిలోహెర్ట్జ్ మధ్య పెట్టు. లో కట్ 80 నుంచి 100 హెర్ట్జ్. లావు E తీగ మూలస్వరం 82.4 హెర్ట్జ్ కదా, 100 దగ్గర కోస్తే పోతుందని నువ్వు భయపడ్డావు. పోదు. ఆ కోత గోడలా కాదు, వాలులా ఉంటుంది. పైగా 165, 247 దగ్గరున్న హార్మోనిక్స్ ఆ స్వరాన్ని చెవికి అందిస్తాయి. కింద ఖాళీ చేసిన చోటు బాస్ గిటార్‌కీ కిక్ డ్రమ్‌కీ కావాలి.

"రెండు ఐఆర్‌లు కలిపితే టోన్ లావవుతుంది" అన్న వాక్యం కొట్టెయ్యి, లేదా పూర్తిగా రాయి. ఐఆర్ అంటే ఒక స్పీకర్, మైక్ కలిసి ఇచ్చే శబ్ద ముద్రని దాచిన ఫైల్ అని కూడా చెప్పు. రెండు మైక్‌ల మధ్య దూరంలో 34 సెంటీమీటర్ల తేడా ఉంటే ఒక శబ్దం 1 మిల్లీసెకను ఆలస్యంగా వస్తుంది. రెంటినీ సమానంగా కలిపితే 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర గుంటలు పడతాయి. సరిగ్గా గిటార్ బతికే చోట. ఒక ఐఆర్ ఫేజ్ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) చూడు, డిలే కొద్దికొద్దిగా జరిపి చూడు, ఏ స్థానంలో కింది స్వరాలు నిండుగా వస్తాయో అక్కడ ఆపు. ఇంకో చిన్న సంగతి: 44.1 కిలోహెర్ట్జ్‌లో తీసిన ఐఆర్‌ని మార్చకుండా 48లో నడిపితే దాని ఫ్రీక్వెన్సీలన్నీ దాదాపు 9 శాతం పైకి జరుగుతాయి. చాలా యంత్రాలు తామే మార్చుకుంటాయి. మార్చుకోని చోట టోన్ పలచబడి, ఎందుకో అర్థం కాక జుట్టు పీక్కుంటారు.

ఈ వివరాలు వేస్తే పాఠకులకి విసుగొస్తుందని నీకూ ఎవరో ఒకరు చెబుతారు. నా వ్యాసం ఒకదానిలో సిగ్నల్ దారి గురించిన పేరా మొత్తం తీసేసి, నాబ్ అంకెలకి మాత్రం పెట్టె కట్టి అచ్చేశారు ఒక పత్రికవారు. తర్వాత వచ్చిన ఉత్తరాలన్నిట్లో ఒకటే మాట: మీరు చెప్పినట్టే పెట్టాం, రాలేదు. ఆ కోపం నాకింకా చల్లారలేదు. ఇప్పుడు పెట్టెలు పోయి ఒక్క నిమిషం వీడియోలు వచ్చాయి, ఫలానా గిటారిస్టు టోన్ ఇదిగో అని నాలుగు అంకెలు చూపించి వెళ్లిపోతారు. ఆ గిటారిస్టు వాడిన స్పీకరూ, ఆ గదీ, ఆ చెయ్యీ ఎక్కడున్నాయి?

గెయిన్, బాస్ విషయానికి వస్తాను. హై గెయిన్ టోన్‌లో అరచేతి అంచుతో తీగని నొక్కి పామ్ మ్యూట్ కొడితే "బుర్ర్"మని చతికిలబడుతోందని రాసి, దానికి నాయిస్ గేట్ మందు చెప్పావు. గేట్ తీగ ఆగాక వచ్చే గోల ఆపుతుంది, మోగుతున్న తీగని బిగించదు. జబ్బు డిస్టార్షన్‌కి ముందున్న బాస్‌లో ఉంది. కింది స్వరాలకి శక్తి ఎక్కువ, అవే ముందు క్లిప్ అయ్యి (శిఖరాలు తెగి) మిగతావాటిని తొక్కేస్తాయి. మెసా మార్క్ సిరీస్ ఆంప్‌లలో టోన్ నాబ్‌లు గెయిన్ స్టేజీలకి ముందుంటాయి. అందుకే అందులో బాస్ 2 దగ్గర పెట్టి, పోయిన బరువుని చివర ఉన్న గ్రాఫిక్ ఈక్యూలో (ఒక్కో స్వరశ్రేణిని విడిగా పెంచే, తగ్గించే స్లైడర్ల వరస) 80 హెర్ట్జ్ స్లైడర్‌తో తెచ్చుకుంటారు. నువ్వు మార్క్ మోడల్‌కి బాస్ 7 రాశావు, అందుకే చతికిలబడింది. ఈక్యూ లేని ఆంప్‌లకి ముందు ట్యూబ్ స్క్రీమర్ పెడల్ పెట్టు: డ్రైవ్ 0, లెవెల్ నిండా, టోన్ మధ్యలో. అది 720 హెర్ట్జ్ దగ్గర్నుంచి కిందికి బాస్‌ని వాల్చేస్తుంది, ఆంప్‌ని బలంగా తోస్తుంది. అది పెట్టాక ఆంప్ గెయిన్ రెండు గీతలు తగ్గించు. రికార్డింగ్‌లో కుడి ఎడమలకి రెండుసార్లు విడివిడిగా వాయిస్తే ఇంకో గీత తగ్గించొచ్చు.

ఇప్పుడు నన్ను కదిలించిన పేరా గురించి. హాస్టల్ గదిలో అర్ధరాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకుని మూడు వారాలు చెక్కిన టోన్, కాలేజీ ఫెస్ట్ స్టేజి మీద డ్రమ్స్ తాళాల చప్పుడు కింద మాయమైపోయిందని, సోలో వాయిస్తుంటే నీ వేళ్లు నీకే వినబడలేదని రాశావు. వ్యాసంలో బాగున్న భాగం అదే. కానీ దాన్నుంచి నువ్వు తీసిన ముగింపు, మోడలర్ ఇంట్లో వాడుకోవడానికే పనికొస్తుందన్నది, తప్పు. మనిషి చెవి అన్ని శబ్ద స్థాయిల్లో ఒకేలా వినదు. ఫ్లెచర్, మన్‌సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. చిన్న శబ్దంలో మంద్ర స్వరాలు బాగా తక్కువగా, అతి పై స్వరాలు కొంత తక్కువగా వినబడతాయి. అందుకని అర్ధరాత్రి మనం బాస్ పెంచుతాం, ట్రెబుల్ పెంచుతాం, మిడ్ తవ్వేస్తాం, అది గొప్పగా ఉంటుంది. అదే పాచ్ స్టేజి మీద పెద్ద స్పీకర్లలో 100 డెసిబెళ్లకి వెళ్లేసరికి కింద గుమ్ముమంటుంది, పైన చెవి చిల్లుపడుతుంది, మధ్యలో ఏమీ ఉండదు. కింది భాగం బాస్ గిటార్ ఆక్రమిస్తుంది, పై భాగం తాళాలు ఆక్రమిస్తాయి. గిటార్‌కి సొంత చోటు సుమారు 400 నుంచి 2500 హెర్ట్జ్. నువ్వు తవ్వేసింది ఆ చోటునే.

కాబట్టి స్టేజి పాచ్ స్టేజి శబ్దంలోనే చెయ్యి. కనీసం 85 డెసిబెళ్లు. ఫోన్‌లో కొలిచే ఆప్ ఉజ్జాయింపుగా చెప్పినా చాలు. రిహార్సల్ గదిలో పీఏ (సభకి వినిపించే) స్పీకర్ ముందు రెండు మీటర్ల దూరంలో నిలబడు, డ్రమ్ములూ బాసూ మోగుతుండగా మార్చు. మిడ్ పెంచుకుంటూ వెళ్లు. ఒంటరిగా వింటే ముక్కుతో పాడినట్టుండే స్థానం ఒకటి వస్తుంది, అందరితో కలిపి వింటే సరిగ్గా కూర్చునేది చాలాసార్లు అదే. హాస్టల్ పాచ్ చెరిపెయ్యకు, వేరే పేరుతో ఉంచుకో.

సోలో మాయమవడానికి ఇంకో కారణం కూడా నీ పాచ్‌లోనే కనబడింది. బూస్ట్‌ని ఆంప్‌కి ముందు పెట్టావు. గెయిన్ ఇప్పటికే నిండుగా ఉన్న ఆంప్‌కి ముందు ఎంత తోసినా అది ఇంకా నలుగుతుందే తప్ప గట్టిగా రాదు. క్యాబ్ తర్వాత ఒక గెయిన్ బ్లాక్ పెట్టి 3 డెసిబెళ్లు పెంచు, 1 కిలోహెర్ట్జ్ చుట్టూ 2 డెసిబెళ్లు కలుపు, ఆ ఫుట్‌స్విచ్ మీదే డిలే కూడా వచ్చేలా కట్టు. రివర్బ్‌ని స్టేజి మీద సగానికి తగ్గించు, హాలే కావలసినంత ఇస్తుంది.

ఒక పాచ్ కంటే ఇంకోటి మంచిదని రాసిన ప్రతిచోటా రెంటి లెవెల్ సమానం చేశావా? ఒక్క డెసిబెల్ గట్టిగా ఉన్నది మెరుగ్గా ఉన్నట్టే చెవికి తోస్తుంది, అది గట్టిగా ఉందని మాత్రం తెలియదు. పీక్ మీటర్ చూసి సమానం చెయ్యకు. క్లీన్ టోన్‌లో శిఖరాలు ఎత్తుగా ఉంటాయి, డిస్టార్షన్ నలిగి బల్లపరుపుగా ఉంటుంది. పీక్‌లు సమానం చేస్తే డిస్టార్షనే గట్టిగా వినబడుతుంది. చెవికి తోచే గట్టిదనాన్ని కొలిచే ఎల్‌యూఎఫ్ఎస్ మీటర్ చూడు, ఆ తర్వాత డ్రమ్ ట్రాక్ పక్కన పెట్టి చెవితో సరిచూడు. వ్యాసంలో నువ్వు చేసిన ఏడు పోలికలూ మళ్లీ చెయ్యి. కనీసం మూడింట్లో నీ తీర్పు మారుతుందని నా అనుమానం.

ఏ మోడలర్ కొనాలో చెప్పమన్నావు. నీ దగ్గరున్నది చాలు.

మళ్లీ రాసి పంపేటప్పుడు వ్యాసంతో పాటు ముప్పై సెకన్ల డ్రై ట్రాక్ ఒకటి పంపు. ఎఫెక్టులు, ఆంప్ ఏమీ లేకుండా గిటార్ సిగ్నల్ ఒక్కటే, 48 కిలోహెర్ట్జ్ 24 బిట్ వేవ్ ఫైల్. నీ అంకెలు నా దగ్గర పెట్టి, నువ్వు విన్నదే నాకూ వినబడుతోందా చూస్తాను. వినబడకపోతే ఏ వివరం రాయడం మరిచిపోయావో ఇద్దరం కలిసి వెతుకుదాం.

ఉంటాను,
నీ అన్న

తా.క. తొమ్మిదో పేరాలో వాక్స్ ఏసీ30 గురించి "కట్ నాబ్ పెంచితే మెరుపు వస్తుంది" అని ఉంది. అసలు ఆంప్‌లో అది తిరగేసి పనిచేస్తుంది. కట్ పెంచితే పై స్వరాలు తగ్గుతాయి. నీ మోడలర్‌లో ఎటు తిరుగుతుందో నాబ్‌ని రెండు చివరలకీ తిప్పి విని, అప్పుడు దిద్దు.