క్విపిడ్ ప్రోటాన్‌లో ఒకే లింకుకు రెండు స్థితులు ఎందుకు?

ప్రోగ్రాముల మధ్య సందేశాలు పంపే ప్రోటోకాల్ ఏఎంక్యూపీ 1.0. దాన్ని అమలుచేసే ఇంజిన్ (లైబ్రరీ) అయిన ప్రోటాన్‌లో కనెక్షన్, దానిలోని సెషన్, సెషన్‌లో సందేశాలు ఒకవైపుకు వెళ్లే దారి అయిన లింకు అన్నింటికీ మన వైపు స్థితి వేరు, అవతలి వైపు స్థితి వేరు. రెండూ మొదలుకానిది, యాక్టివ్, క్లోజ్డ్ అనే 3 దశల్లోనే నడుస్తాయి. మనం ఓపెన్, క్లోజ్ చేయగానే మనది మారుతుంది. అవతలిది మాత్రం వాళ్ల ఫ్రేమ్ (ప్రోటోకాల్ పంపే సమాచారపు ముక్క) మనకు చేరాకే మారుతుంది. మధ్యలో నెట్‌వర్క్ ఉంది కదా, రెండూ ఒక్కసారే మారవు.

లేని క్యూకి (సందేశాలు నిలవుండే వరుసకి) లింకు తెరిచామనుకోండి. మన వైపు వెంటనే యాక్టివ్. బ్రోకర్ (క్యూలను నడిపే సర్వర్) అటాచ్ (లింకు తెరిచే ఫ్రేమ్) పంపితే అవతలి వైపూ యాక్టివే. ఆ వెనకే ‘నాట్ ఫౌండ్’ ఎర్రర్‌తో డిటాచ్ (లింకు మూసే ఫ్రేమ్) వచ్చి అవతలి వైపు క్లోజ్డ్ అవుతుంది. మనది మాత్రం మనం మూసేదాకా యాక్టివ్‌గానే ఉండిపోతుంది. ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

కనెక్షన్‌ను క్లోజ్ చేస్తే దాని కింద ఉండే సాకెట్ (అసలు నెట్‌వర్క్ లంకె) కూడా మూసుకుపోతుందనుకోవడం పొరపాటు. ప్రోటాన్ ఇంజిన్ అసలు సాకెట్ జోలికే పోదు. అవతలి క్లోజ్ వచ్చాక సాకెట్‌ను మూయాల్సింది ఇంజిన్‌ను నడిపే కోడే.